పచ్చిమిరప నుంచి యాక్టిన్ దాకా: ఆల్బర్ట్ సెంట్-జార్జి

పోయిన విద్యాసంవత్సరం చివర్లో మా డిపార్టుమెంటులో చీకటి గది తలుపు మూసి, మమ్మల్ని ఒక్కొక్కరినే పిలిచి ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపులో ఒక స్లయిడు చూపించారు. నా వంతుకు దక్కింది మహా అయితే అర నిమిషం. నల్లటి చీకట్లో ఒక జీవకణం. దాని ఈ చివర నుంచి ఆ చివరకు మగ్గం మీద పడుగు దారాల్లా బారులు తీరిన పచ్చని మెరుపు దారాలు. వాటిని యాక్టిన్ తంతువులు అంటారనీ, కణానికి ఆకారాన్నీ కదలికనూ ఇచ్చే అస్థిపంజరంలో ఇవి ముఖ్యమైన భాగమనీ మా లెక్చరర్ గారు చెప్పారు. ఆ దారాలు వాటంతట అవి మెరవవు. వాటిని వెతికి పట్టుకునే యాంటీబాడీ ఒకటి కావాలి. అది చిటికెన వేలి కొనంత ప్లాస్టిక్ గొట్టంలో, అడుగున నాలుగు చుక్కలుగా ఉంది. దాని ఖరీదు విన్నాక మనసులోనే మిర్చి బస్తాల లెక్కలోకి మార్చుకుని చూసి, గుటక మింగాను.

ఇంటికి వెళ్ళినప్పుడు ఈ సంగతి నాన్నకు చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, దానివల్ల ఏమవుతుందని అడిగారు. జవాబు చెప్పలేకపోయాను. ఈ యాక్టిన్‌ను అసలు ఎవరు, ఎందుకు కనిపెట్టారో తెలిస్తే ఏమన్నా చెప్పగలనేమోనని లైబ్రరీలో కూర్చున్నాను. అక్కడ దొరికిన పేరు నాకు కొత్తది కాదు. ఇంటర్మీడియట్‌లో విటమిన్ సి పాఠంలో చదివి మరిచిపోయిన పేరే. ఆల్బర్ట్ సెంట్-జార్జి. హంగేరీవాళ్ళు పలికే తీరు మన నాలుకకు లొంగదు కనుక ఇలాగే రాస్తాను.

ఆయన 1893 సెప్టెంబర్ 16న బుడాపెస్ట్‌లో పుట్టారు. తండ్రి భూవసతి గల మనిషి. ఆయన లోకమంతా సేద్యం, పశువులు, ఎరువులు. తల్లి పుట్టింటివారు మాత్రం పండితవంశం. తాతా మేనమామా ఇద్దరూ బుడాపెస్ట్ విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణ శాస్త్ర ఆచార్యులు. ఇంత వంశంలో పుట్టిన కుర్రవాడు చిన్నప్పుడు చదువులో మొద్దు. పుస్తకమంటే పడేది కాదు. పదహారో ఏడు దాటాక హఠాత్తుగా చదువు మీద గాలి మళ్ళి, పరిశోధకుణ్ణవుతానంటే మేనమామ నమ్మలేదు. వీడికి సైన్సెందుకు, ఏ సౌందర్య సాధనాల వ్యాపారమో చూసుకోమన్నాడు. మార్కులు బాగా వచ్చాక కాస్త మెత్తబడి తన లేబరేటరీలోకి రానిచ్చాడు గానీ ఒక షరతు పెట్టాడు. మేనమామకు మొలల బాధ ఉండేది. అందుకని మేనల్లుడు ఆ భాగం మీదే పరిశోధన మొదలుపెట్టాలి! భవిష్యత్తులో నోబెల్ బహుమతి అందుకోబోయే శాస్త్రజ్ఞుడి మొదటి పరిశోధన గుదద్వారపు పొర మీద. లోకంలో మేనమామలందరూ ఒక్కలాంటివాళ్ళే అనిపించింది నాకు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి వైద్య విద్యార్థిని సైన్యంలోకి ఈడ్చుకుపోయింది. ధైర్యానికి వెండి పతకం కూడా వచ్చింది. కానీ రెండేళ్ళు కందకాల్లో ఉన్నాక ఈ చావులకు అర్థం లేదని ఆయనకు తోచింది. 1916లో తన తుపాకీతో తన చేతి ఎముకలోకే తనే కాల్చుకుని, శత్రువు గుండు తగిలిందని చెప్పి ఇల్లు చేరారు. దీన్ని పిరికితనం అనేవాళ్ళు ఉండవచ్చు. ఆ మనిషి తరువాత మరో యుద్ధంలో ఏం చేశాడో చదివినదాకా నేనూ తేల్చుకోలేకపోయాను. 1917లో వైద్య పట్టా, అదే ఏడు పెళ్ళి.

యుద్ధంలో ఓడిన దేశంలో పరిశోధనకు గతిలేదు. భార్యనూ పసిపిల్లనూ వెంటబెట్టుకుని ప్రాగ్, బెర్లిన్, హాంబర్గ్, హాలెండ్‌లోని లైడెన్ అంటూ ఊరూరా తిరిగారు. చివరికి హాలెండ్‌లోనే గ్రోనింగెన్‌లో కుదురుకుని, ఒక వంటింటి ప్రశ్న పట్టుకున్నారు. కోసిన బంగాళదుంప ఎందుకు నల్లబడుతుంది? నిమ్మపండు ఎందుకు నల్లబడదు? మన ఇళ్ళల్లో అమ్మలు వంకాయ తరిగి ఉప్పునీళ్ళలో వేస్తారు, అందరికీ తెలిసిందే. ఎందుకని అడగం. ఆయన అడిగారు. నిమ్మజాతి రసాల్లో నల్లబడడాన్ని అడ్డగించే పదార్థం ఏదో ఉందని పసిగట్టారు. అలాంటిదే పశువుల అడ్రినల్ గ్రంథుల్లోనూ కనిపించింది. ఇంతలో ఆదరించిన ప్రొఫెసర్ చనిపోయారు. జీతం లేదు. భార్యాపిల్లల్ని హంగేరీ పంపేసి, ఇక పరిశోధనకు నమస్కారం పెట్టే ముందు ఆఖరిసారిగా 1926లో స్టాక్‌హోమ్‌లో శరీరధర్మ శాస్త్రజ్ఞుల మహాసభకు వెళ్ళారు. అక్కడ అధ్యక్షోపన్యాసం ఇస్తున్న ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ గౌలాండ్ హాప్కిన్స్ నోట ఇతని పేరు ఒకటికి రెండుసార్లు వినిపించింది. ఇతను రాసిన వ్యాసం హాప్కిన్స్ చదివారట! సభ అయ్యాక వెళ్ళి పరిచయం చేసుకుంటే కేంబ్రిడ్జికి రమ్మన్నారు.

కేంబ్రిడ్జిలో ఆ పదార్థాన్ని స్ఫటికాలుగా వేరుచేశారు. అది చక్కెర జాతి వస్తువని తెలిసింది తప్ప సరిగ్గా ఏమిటో తెలియలేదు. చక్కెరల పేర్ల చివర ‘ఓజ్’ అని వస్తుంది కనుక, తెలియదు అనే అర్థం వచ్చేట్టు ‘ఇగ్నోజ్’ అని పేరు పెట్టి పత్రికకు పంపారు. సంపాదకుడు ఒప్పుకోలేదు. అయితే దేవుడికే తెలియాలి అనే అర్థంతో ‘గాడ్‌నోస్’ అన్నారు. సంపాదకుడికి ఇంకా మండి ‘హెక్సురానిక్ ఆమ్లం’ అని తనే ఖాయం చేశాడు. తర్వాత అమెరికాలో దాదాపు ఏడాది కబేళాల నుంచి గ్రంథులు తెప్పించుకుని వడగడితే పోగయింది పాతిక గ్రాములు.

1930ల ఆరంభంలో స్వదేశం పిలిచింది. బుడాపెస్ట్‌కు కాదు, దక్షిణాన టిస్సా నది ఒడ్డునున్న సెగెడ్ అనే ఊరికి. ప్రపంచ విజ్ఞాన పటంలో ఆ ఊరికి చుక్క కూడా లేని రోజులు. 1931లో స్వర్బెలీ అనే అమెరికా కుర్రవాడు అక్కడికొచ్చి చేరాడు. అంతకుముందు పిట్స్‌బర్గ్‌లో సి.జి.కింగ్ అనే ఆయన దగ్గర విటమిన్ సి మీద పని చేసినవాడు. ఆ విటమిన్ లేకపోతే గినీపిగ్‌లకు స్కర్వీ వస్తుంది. సెంట్-జార్జి తన దగ్గరున్న హెక్సురానిక్ ఆమ్లాన్ని అతని చేతిలో పెట్టి పరీక్షించమన్నారు. అది తిన్న గినీపిగ్‌లు బతికాయి, తిననివి చచ్చాయి. హెక్సురానిక్ ఆమ్లమూ విటమిన్ సీ ఒకటే! అయితే 1932 ఏప్రిల్‌లో రెండు వారాలు ముందుగా కింగ్ ఇదే సంగతి ప్రకటించాడు. ఎవరు ముందు అన్న తగవు చాలాకాలం నడిచింది. అందులో తీర్పు చెప్పడానికి నేనెవరిని? కానీ గినీపిగ్‌లకు రోజూ మేత పెట్టి, తూకం వేసి రాసుకున్న స్వర్బెలీ పేరు మా పాఠ్యపుస్తకంలో ఎందుకు లేదా అనిపించింది.

ఇప్పుడు వచ్చింది చిక్కు. చేతిలోని పదార్థం అయిపోయింది. దాని నిర్మాణం తేల్చాలంటే ఇంగ్లండులో హావర్త్‌కు ఇంకా పంపాలి. కబేళాల గ్రంథులు చాలవు, నిమ్మ నారింజల్లో చక్కెర అడ్డు. ఇక్కడే నాకు ప్రాణం లేచొచ్చింది. సెగెడ్ ప్రాంతం మిరపకు పేరుమోసిన ఊరు. మన గుంటూరు లాంటిదన్నమాట. వాళ్ళ మిరప పేరు పాప్రికా. మన మిరప జాతిదే గానీ కాయ లావు, కారం తక్కువ. ఒక రాత్రి భోజనంలో భార్య పచ్చి పాప్రికా వడ్డించింది. ఆయనకు తినబుద్ధి కాలేదు. వద్దంటే భార్యతో పేచీ. దీన్ని ఇంతవరకూ పరీక్షించలేదే అని గుర్తొచ్చి, ఆ వంకతో కాయ చేతబట్టుకుని లేబరేటరీకి పరుగెత్తారు. అర్ధరాత్రికల్లా తేలిపోయింది, అది విటమిన్ సి గని. గ్రాముకు సుమారు 2 మిల్లీగ్రాములు! ఏళ్ళ తరబడి గ్రాముల్లో లెక్కపెట్టుకున్నది కొన్ని వారాల్లో కిలోల్లోకి వచ్చింది. దాన్ని అమ్ముకోలేదు. అడిగిన పరిశోధకులందరికీ పంచారు. స్కర్వీని పోగొట్టేది కనుక హావర్త్‌తో కలిసి ఆస్కార్బిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. 1937లో హావర్త్‌కు రసాయనశాస్త్రంలోనూ, సెంట్-జార్జికి వైద్యశాస్త్రంలోనూ నోబెల్ బహుమతులు వచ్చాయి. సెంట్-జార్జి బహుమతిలో విటమిన్‌తో పాటు కణాల్లో ఆహారం ఎలా దహనమవుతుందన్న పనికీ వాటా ఉంది. మనం బట్టీపట్టే క్రెబ్స్ వలయానికి ముందరి మెట్లు కొన్ని ఆయన వేసినవే.

నోబెల్ తర్వాత చాలామంది సన్మానాలతో కాలక్షేపం చేస్తారు. ఈయన కొత్త ప్రశ్న ఎత్తుకున్నారు. కండరం ఎలా ముడుచుకుంటుంది? నా దృష్టిలో ఆయన జీవితంలో అసలు గొప్ప భాగం ఇదే. చుట్టూ రెండో ప్రపంచ యుద్ధం. విదేశీ పత్రికలు రావు, వీళ్ళ ఉత్తరాలు పోవు. సెగెడ్‌లో కొద్దిమంది కుర్రవాళ్ళు, కుందేటి మాంసం, ఉప్పునీళ్ళు.

కండరంలో మయోసిన్ అనే ప్రోటీను ఉందని అప్పటికే తెలుసు. మాంసాన్ని కైమా కొట్టి గాఢమైన పొటాషియం క్లోరైడు నీళ్ళలో ఇరవై నిమిషాలు నానబెడితే మయోసిన్ దిగుతుంది. ద్రవం పలచగా ఉంటుంది. ఇలోనా బాంగా అనే పరిశోధకురాలు ఒకసారి ఆ కైమాను రాత్రంతా ఉప్పునీళ్ళలోనే ఉంచేసింది. తెల్లారి చూస్తే ద్రవం గంజిలా చిక్కబడింది. పాడైందని పారబోసి ఉంటే కథ అక్కడితో సరి. పారబోయలేదు. దానికి ఏటీపీ కలిపి చూశారు. చిక్కదనం పోయి పలచబడింది!

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఈ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి కనిపెట్టినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడు విడిగా కనిపెట్టాడు. సుబ్బారావు పేరు మన కాలేజీ గోడల మీద కూడా అరుదుగానే కనిపిస్తుంది. ఆయన వేరుచేసిన ఆ పదార్థమే లేకపోతే సెగెడ్‌లో ఆ చిక్కటి గంజి అర్థం తెలిసేది కాదు.

తరువాత సెంట్-జార్జి ఆ చిక్కటి ప్రోటీనును సన్నటి సూది రంధ్రం గుండా నీళ్ళలోకి చిమ్మి, జంతికల గొట్టంలోంచి వచ్చినట్టు సన్నని పోగులు తీశారు. వాటిని మైక్రోస్కోపు కింద పెట్టి ఉడికించిన కండరపు రసం వేశారు. ఆ పోగులు చూస్తుండగానే ముడుచుకుపోయాయి. ఆ రసంలో పని చేసేవి ఏటీపీ, కొన్ని లవణాలూ అని తేలింది. ప్రాణం ఉన్నదానికే సొంతమనుకున్న కదలిక, చచ్చిన కుందేటి ప్రోటీనులో గాజుపలక మీద కనిపించింది. తన జన్మలో ఇంతటి పులకింత ఎరగనని ఆయన తర్వాత చెప్పుకున్నారు. నోబెల్ కబురు వచ్చిన రోజును కూడా పక్కకు నెట్టి!

పలచటి దానికీ చిక్కటి దానికీ తేడా ఏమిటి? ఆ చిక్కు విప్పినవాడు బ్రూనో స్ట్రాబ్ అనే యువకుడు. మయోసిన్ తీసేయగా మిగిలిన కండరపు పిప్పిని ఎసిటోన్‌తో ఆరబెట్టి, ఆ పొడిని మామూలు నీళ్ళలో నానబెడితే మరో ప్రోటీను దిగింది. మయోసిన్‌ను పనిలోకి దింపేది కనుక దానికి యాక్టిన్ అని పేరు. సంవత్సరం 1942. బయటి పత్రికలకు పంపే దారి లేక ఆ సంస్థ తన పరిశోధనలను తనే ఇంగ్లీషులో పుస్తకాలుగా అచ్చు వేసుకుంది. వాటిలో యాక్టిన్ గురించిన వ్యాసం మీద స్ట్రాబ్ పేరొక్కటే ఉంది. మయోసిన్ వ్యాసం మీద బాంగా పేరు ముందు, గురువుగారి పేరు వెనక. నోబెల్ అందుకున్న పెద్దమనిషి శిష్యుల వ్యాసాల మీద తన పేరు ఎక్కించుకోవడం కష్టమేమీ కాదు కదా. నేను ఆయనకు నిజంగా నమస్కారం పెట్టింది ఇక్కడ. మిరపకాయ దగ్గర కాదు.

ఇక చేతికి కాల్చుకున్న మనిషి రెండో యుద్ధంలో ఏం చేశాడు? హంగేరీ హిట్లర్ పక్షాన ఉంది. 1943లో ఉపన్యాసం నెపంతో ఇస్తాంబుల్ వెళ్ళి, నాజీలంటే గిట్టని హంగేరీ నాయకుల తరఫున ఇంగ్లండు, అమెరికా మనుషులతో రహస్యంగా మాట్లాడారు. ఆ రహస్యం జర్మన్లకు పొక్కింది. హిట్లరే స్వయంగా ఈయన పేరెత్తి మండిపడ్డాడంటారు. మొదట గృహనిర్బంధం, 1944లో జర్మన్లు దేశాన్ని ఆక్రమించాక అజ్ఞాతవాసం. స్వీడన్ రాయబార కార్యాలయం ఆయనకు స్వీడిష్ పౌరసత్వం ఇచ్చి మారుపేరుతో దాచింది. అంతకుముందే, ఫిన్లండు మీద రష్యా దాడి చేసినప్పుడు, తన నోబెల్ బంగారు పతకాన్ని ఫిన్లండుకు విరాళంగా ఇచ్చేశారు. చివరికి ఆయనను యుద్ధం నుంచి బయటపడేసింది రష్యా సైన్యమే!

యుద్ధం ముగిశాక ఆయన దేశాధ్యక్షుడవుతారని కూడా అనుకున్నారు. కొద్దికాలంలోనే కొత్త ప్రభుత్వపు పోకడ చూసి మనసు విరిగి, 1947లో అమెరికా వెళ్ళిపోయి, మసాచుసెట్స్‌లో వుడ్స్ హోల్ అనే సముద్రతీరపు ఊళ్ళో స్థిరపడ్డారు. అక్కడ కుందేటి కండరాన్ని గ్లిసరాల్‌లో నానబెట్టి ఫ్రీజరులో నెలల తరబడి దాచి, తీసి ఏటీపీ వేస్తే అది ముడుచుకుంటుందని చూపించారు. ఇవాళ్టికీ ప్రాక్టికల్స్‌లో చేయించే ప్రయోగం అది. తర్వాత రోజులు అంత సుఖంగా లేవు. భార్య మార్తా, ఆ తర్వాత కూతురు నెల్లీ, ఇద్దరూ కాన్సర్‌తో పోయారు. ఆయన కాన్సర్ మీద పడ్డారు. కణంలో ఎలక్ట్రాన్ల ప్రవాహంతో దాన్ని వివరించాలని ఏళ్ళకు ఏళ్ళు ధారపోశారు. చాలామంది శాస్త్రజ్ఞులు ఒప్పుకోలేదు, గ్రాంట్లు దొరకడం కష్టమైంది. ఆ పని ఆయన కోరుకున్నచోటికి చేరలేదు. వియత్నాం యుద్ధాన్నీ అణ్వాయుధాలనూ మాత్రం చివరిదాకా గట్టిగా వ్యతిరేకించారు. 1986 అక్టోబర్ 22న వుడ్స్ హోల్‌లోనే కన్నుమూశారు. మరుసటి ఏడు సెగెడ్ వైద్య విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. వింత ఏమిటంటే, గురువుగారికి అనుకున్న దేశాధ్యక్ష స్థానం శిష్యుడు స్ట్రాబ్‌ను వెతుక్కుంటూ వచ్చింది. 1988లో హంగేరీ అధ్యక్ష మండలికి అతనే అధిపతి.

మళ్ళీ ఆ చీకటి గదికి వస్తాను. స్ట్రాబ్ కనిపెట్టిననాడు యాక్టిన్ ఒట్టి కండరపు వస్తువు. 1966లో జపాను శాస్త్రజ్ఞులు హటానో, ఊసావా దాన్ని జిగురుబూజులో పట్టుకున్నారు. కండరం అన్నమాటే లేని జీవిలో! కణాల్లో అది ఎక్కడ, ఏ ఆకారంలో ఉందో చూడాలంటే యాంటీబాడీ కావాలి. అదే తయారుకాలేదు. కుందేలుకు యాక్టిన్ సూదివేస్తే దాని ఒంట్లో చలనం లేదు. ఎందుకంటే యాక్టిన్ ఏ జంతువులోనైనా దాదాపు ఒక్కటే, కుందేలు దాన్ని తన సొంతమే అనుకుంటుంది. 1974లో అమెరికాలో లజారిడీస్, వీబర్ ఒక ఉపాయం చేశారు. యాక్టిన్‌ను సబ్బులాంటి రసాయనంతో మడతలు విప్పి, జెల్ మీద శుద్ధి చేసి కుందేలుకిచ్చారు. ఈసారి కుందేలు పరాయిదనుకుంది, యాంటీబాడీ తయారుచేసింది. దాన్ని కణాల మీద పోసి, ఆ కుందేటి యాంటీబాడీని పట్టుకునే మరో యాంటీబాడీకి మెరిసే రంగు తగిలించి చూస్తే, పడుగు దారాలు బయటపడ్డాయి. మెరిసే రంగు తగిలించే విద్య 1940ల్లోనే హార్వర్డ్‌లో ఆల్బర్ట్ కూన్స్ మొదలుపెట్టినది. ఇప్పుడు ఏ కణంలో ఏ ప్రోటీను ఎంత ఉందో కొలిచేవాళ్ళు, కొలత సరిగా ఉందో లేదో చూసుకోవడానికి పక్కన యాక్టిన్ యాంటీబాడీని కూడా వాడుకుంటారు. మన సంతలో తూకపురాయి లాగా.

యాక్టిన్ మొక్కల్లోనూ ఉంది. ఆకు కణాల్లో జీవద్రవ్యం ఆ దారాల వెంటే ప్రవహిస్తుంది. అంటే సెంట్-జార్జి ఆ రాత్రి తినకుండా తప్పించుకున్న పాప్రికా కణకణంలోనూ, విటమిన్ సి పక్కనే, ఆయన తర్వాత పదేళ్ళకు వెతుక్కోబోయే ప్రోటీను కూడా ఉందన్నమాట.

ఇదంతా సంక్రాంతి సెలవుల్లో నాన్నకు చెప్పాను. యాక్టిన్ సంగతికి తల ఊపి ఊరుకున్నారు. మిరపకాయ సంగతికి మాత్రం లేచి కూర్చుని, మన చేలో కాయకు ఎంత ఉంటుందో అని అడిగారు. వచ్చేటప్పుడు పచ్చికాయ, పండుకాయ, ఎండుకాయ మూడు పొట్లాలు కట్టి ఇచ్చారు. మా లేబరేటరీలో నీలం రంగు ఇండోఫినాల్ ద్రావణంతో టైట్రేషన్ చేశాను. పచ్చికాయ బాగానే కుదిరింది. ఎండుకాయలో చెప్పుకోదగ్గదేమీ మిగల్లేదు, ఎండ తినేసింది. పండుకాయ దగ్గరే చిక్కు. టైట్రేషన్ ముగిసిందని చెప్పేది లేత గులాబీ రంగు, కాయ రసమేమో ఎర్రన. ఎక్కడ ఆపాలో తెలియక మూడుసార్లు చేస్తే మూడు అంకెలు వచ్చాయి. నాన్న ఫోన్ చేసినప్పుడల్లా అదే అడుగుతున్నారు.